విదేశీ వేదికలపై అప్పులివ్వడం: పెట్టుబడా? వడ్డీయా?

మనిషి తన చేతికొచ్చిన సొమ్ము హలాల్ మార్గాన వచ్చిందా, హరామ్ మార్గాన వచ్చిందా అన్నది ఏమాత్రం పట్టించుకోని కాలం ఒకటి రానున్నదని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు (బుఖారీ). ఈ హదీసును జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. విన్న ప్రతిసారీ మన దృష్టి ఎదుటివారి మీదికే పోతుంది. లంచం తినే ఉద్యోగి, కల్తీ చేసే వర్తకుడు, నూటికి అయిదు చొప్పున పిండుకునే వడ్డీ వ్యాపారి కళ్లముందు మెదులుతారు. అయితే పట్టించుకోవాలని మనసారా కోరుకునే వ్యక్తికి కూడా, తన సొమ్ము ఎవరి జేబు నుంచి వస్తోందో తెలియని పరిస్థితి ఒకటి ఈ కాలంలో ఏర్పడింది. ఈ వ్యాసం దాని గురించే.

కొన్ని నెలల క్రితం ఇషా నమాజు తర్వాత గుంటూరుకు చెందిన ఒక పెద్దాయన నా దగ్గర కూర్చున్నారు. మిర్చి యార్డులో చాలా ఏళ్లు గుమాస్తాగా పనిచేసి మానుకున్న మనిషి. నేను ఆయన్ని చాచా అంటాను. ఆయన కుమారుడు ఐర్లాండులోని డబ్లిన్ నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. "మౌలానా సాబ్, అబ్బాయి నన్నూ, వాళ్ల అమ్మనూ హజ్‌కు పంపుతానంటున్నాడు. జీతంలోంచి కాదట. ఏదో కంప్యూటర్‌లో డబ్బు పెట్టాడట, అది పెరిగిందట. బ్యాంకు కాదు అబ్బా, వడ్డీ కాదు అంటాడు. మరి ఎలా పెరిగిందిరా అంటే అప్పులిస్తున్నాను అంటాడు. అప్పు పెరిగితే దాన్ని వడ్డీ అనకుండా ఏమంటారు? మా యార్డులో అయితే వడ్డీయే అనేవాళ్లం" అన్నారు.

ఆయన మాట విని నేను అక్కడికక్కడే "హరామ్ చాచా, తీసుకోకండి" అనేశాను. ఆయన తల ఊపి వెళ్లిపోయారు. ఇంటికొచ్చాక నాకే సిగ్గనిపించింది. ఆ వ్యవహారం ఏమిటో, అందులో ఎవరు ఎవరికి ఏమిస్తున్నారో తెలుసుకోకుండానే తీర్పు చెప్పాను. తీర్పు సరైనదే కావచ్చు. కానీ తెలియని విషయంపై తీర్పు చెప్పడం వేరే తప్పు. ఆ అబ్బాయి సెలవు మీద వచ్చినప్పుడు రెండు రాత్రులు అతనితో కూర్చుని, ఫోనులో అన్నీ తెరిచి చూశాను. అతనూ నేనూ అయిదో తరగతి వరకు ఒకే ఉర్దూ బడిలో చదువుకున్నవాళ్లం. అందువల్ల మొహమాటం లేకుండా వాదించుకున్నాం. అతని వాదనలు తేలికగా కొట్టిపారేసేవి కావు. మన పిల్లలు చాలామంది విదేశాల్లో ఉన్నారు, ఇలాంటి ప్రశ్నలు ఇంకెన్నో ఇళ్లలో వచ్చి ఉంటాయి. అందుకే వాటిని వరుసగా పరిశీలిద్దాం.

ముందు ఈ వ్యవహారం ఎలా సాగుతుందో చూద్దాం. దీన్ని పీర్ టు పీర్ లెండింగ్ అంటారు. అంటే మధ్యలో బ్యాంకు లేకుండా మనిషి మనిషికి నేరుగా అప్పివ్వడం. ఈ పద్ధతిని ఇంటర్నెట్ మీదికి తెచ్చిన మొదటి సంస్థ జోపా 2005లో లండన్‌లో మొదలైంది. ఆ తర్వాత అమెరికాలో, చైనాలో, యూరపులో ఇలాంటి వేదికలు వందల సంఖ్యలో వచ్చాయి. ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో బొందోరా, లాత్వియా రాజధాని రీగాలో మింతోస్ వంటివి ఇతర దేశాల వాళ్లను కూడా చేర్చుకుని పెద్దవయ్యాయి. గుర్తింపు పత్రం చూపించి, యూరోలలో ఖాతా ఉంటే చాలు, ఇంట్లో కూర్చునే చేరవచ్చు. మన చాచా కుమారుడు భారతీయుడు, ఉండేది ఐర్లాండు, డబ్బు పెట్టింది లాత్వియాలోని ఒక వేదికలో. ఆ డబ్బు చేరిందేమో కజకిస్తాన్, అల్బేనియా, ఇండోనేషియా, కెన్యా వంటి దేశాలకు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పేరుకు మనిషి నుంచి మనిషికి అంటారు గానీ, ఆ తరహా వేదికల్లో అసలు అప్పు ఇచ్చేది ఆ దేశాల్లోని వడ్డీ కంపెనీలే. అవి ముందుగా తమ డబ్బుతో అప్పులిచ్చి, ఆ అప్పుల్లోని వాటాలను వేదిక మీద అమ్మకానికి పెడతాయి. వాటా కొన్నవాడికి ఏడాదికి సుమారు పది, పన్నెండు శాతం వడ్డీ వస్తుంది. మన లెక్కలో నూటికి నెలకు రూపాయి అన్నమాట. అప్పు తీసుకున్న వ్యక్తి అరవై రోజులకు మించి ఆలస్యం చేస్తే కంపెనీయే ఆ వాటాను తిరిగి కొనుక్కుంటానని హామీ ఇస్తుంది. దీన్నే బై బ్యాక్ గ్యారంటీ అంటారు. మరి అక్కడ అప్పు తీసుకున్న మనిషి ఎంత కడుతున్నాడు? కొన్ని వేదికల్లో ఆ వివరం కూడా కనిపిస్తుంది. జీతానికీ జీతానికీ మధ్య తీసుకునే చిన్న అప్పుల మీద ఏడాది లెక్కన అది మూడంకెల్లో కూడా ఉంటుంది. ఆ వరుసలను అతను నాకు చూపించి, నవ్వు ఆపి, "ఇది నేనెప్పుడూ నొక్కి చూడలేదు" అన్నాడు.

ఇక అతని మొదటి వాదన ఇది. ఉలమాలు నిషేధించింది బ్యాంకు వడ్డీని. ఇందులో బ్యాంకు లేదు. ఇద్దరు మనుషులు ఇష్టపడి చేసుకున్న ఒప్పందం మాత్రమే ఉంది.

సోదరులారా, దివ్యఖుర్ఆన్ అవతరించిన కాలంలో అరేబియాలో ఒక్క బ్యాంకయినా ఉందా? ఆనాటి వడ్డీ అంతా మనిషికీ మనిషికీ మధ్య సాగినదే. దైవప్రవక్త (స) తన చివరి హజ్ సందర్భంగా అరఫాత్ మైదానంలో అజ్ఞానకాలపు వడ్డీ అంతటినీ రద్దుచేస్తూ, మొట్టమొదట రద్దుచేసినది స్వయానా తన బాబాయి హజ్రత్ అబ్బాస్ (రజి) గారికి జనం నుంచి రావలసిన వడ్డీని (ముస్లిం). అది బ్యాంకు వడ్డీ కాదు. హజ్రత్ అబ్బాస్ తన సొంత సొమ్మును, తనకు తెలిసిన మనుషులకు, వాళ్ల ఇష్టంతోనే ఇచ్చిన అప్పు. కాబట్టి పీర్ టు పీర్ అన్నది కొత్తదేమీ కాదు. నిషేధం వచ్చిందే దాని మీద. బ్యాంకు తర్వాత వచ్చింది, ఆ నిషేధం కిందికే వచ్చింది.

ఇష్టపడి ఇచ్చుకోవడం గురించి కూడా ఒక మాట. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ సలాం (రజి) మదీనాలో ఉండగా, ఇరాక్‌లో నివసించే అబూ బుర్దా (రహ్మలై) ఆయన్ను కలిశారు. మీరుండే ప్రాంతంలో వడ్డీ బాగా వ్యాపించి ఉందని ఆయన హెచ్చరించి, మీకు బాకీ ఉన్న మనిషి మీకు ఒక మోపు గడ్డి కానుకగా ఇచ్చినా తీసుకోవద్దని, అది కూడా వడ్డీయేనని చెప్పారు (బుఖారీ). ఆ గడ్డి మోపు బాకీదారు ఇష్టంతో ఇచ్చేదే. అయినా వద్దన్నారు. విదేశంలో, వడ్డీ మామూలైపోయిన నేల మీద బతుకుతున్న ముస్లిములకు ఈ ఉపదేశం ఎంత దగ్గరగా ఉందో చూడండి. అక్కడ అందరూ చేస్తున్నారన్నది మినహాయింపు ఇవ్వడానికి కారణం కాలేదు. మరింత జాగ్రత్త పడడానికి కారణమైంది.

అతని రెండో వాదన దీనికన్నా బలమైనది. "వడ్డీకి, వ్యాపారానికి తేడా నష్టభయమే కదా మౌలానా? వడ్డీ తినేవాడికి నష్టం ఉండదు, వ్యాపారికి ఉంటుంది. మరి నాకు నష్టం ఉంది. నా డబ్బు మునిగిపోవచ్చు. కొంత మునిగింది కూడా" అన్నాడు.

అతను చెప్పింది అబద్ధం కాదు. ఈ రంగంలో మునిగినవాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు. చైనాలో ఎజుబావో అనే వేదిక తొమ్మిది లక్షల మంది నుంచి సుమారు 5,000 కోట్ల యువాన్లు వసూలు చేసి మోసం చేసిందని 2016లో బయటపడింది. అక్కడి ప్రభుత్వం నియమాలు బిగించుకుంటూ పోగా, 2020 నవంబరు నాటికి ఆ దేశంలో పనిచేసే పీర్ టు పీర్ వేదిక ఒక్కటీ మిగల్లేదు. 2020 జనవరిలో ఎస్టోనియాలో రెండు వేదికలు కొద్దిరోజుల తేడాతో కుప్పకూలాయి. 2019లో కొసోవో కేంద్ర బ్యాంకు, ఆ మరుసటి సంవత్సరం ఆర్మేనియా కేంద్ర బ్యాంకు కొన్ని వడ్డీ కంపెనీల లైసెన్సులు రద్దుచేసినప్పుడు ఎక్కడో ఉన్న మదుపరుల సొమ్ము చిక్కుకుంది. 2022లో యుక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక రష్యాలోని అప్పుల సొమ్ము దేశం దాటి రాలేకపోయింది. మొదటిదైన జోపా కూడా 2021 చివరలో ఈ పద్ధతిని మానుకుని మామూలు బ్యాంకుగా మిగిలింది.

కాబట్టి నష్టం ఉంది. అయితే ధర్మం అడిగేది నష్టం ఉందా అని కాదు. దేని నష్టం ఎవరిది అని అడుగుతుంది. అప్పు ఎగ్గొట్టే భయం లేని వడ్డీ వ్యాపారి లోకంలో ఎప్పుడైనా ఉన్నాడా? మన పల్లెల్లో వడ్డీకిచ్చేవాడికి కూడా ఆ భయం ఉండేది. ఆ భయం చూపించే వాడు నూటికి రెండు బదులు మూడు అడిగేవాడు. ఆ భయమే వడ్డీని ధర్మబద్ధం చేసేటట్లయితే, నిరుపేదకు అత్యధిక వడ్డీకి ఇచ్చేవాడే అందరికన్నా పెద్ద ధర్మాత్ముడు కావాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకతను గేదె కొనుక్కోవడానికి నా దగ్గర అరవై వేలు అప్పు తీసుకున్నాడు. నెల తిరక్కుండానే గేదె చచ్చిపోయింది. అప్పు చచ్చిపోయిందా? లేదు. అతను కట్టవలసిందే. గేదె బతికినా నాకు వడ్డీ, చచ్చినా నాకు వడ్డీ. అంటే గేదె నష్టం పూర్తిగా అతనిది, నాది కాదు. అదే అరవై వేలు నేను భాగస్వామిగా పెట్టి, పాల మీద వచ్చే లాభంలో ఇంత వాటా అని ఒప్పుకుని ఉంటే, అతని నిర్లక్ష్యం లేకుండా గేదె చచ్చిన రోజున నా డబ్బూ పోయేది, అతని శ్రమా పోయేది. ఇద్దరం ఒకే దుఃఖంలో ఉండేవాళ్లం. ఒక వస్తువు బాధ్యత ఎవరు మోస్తారో దాని ఫలసాయం వాళ్లదేనన్న సూత్రాన్ని దైవప్రవక్త (స) బోధించారు (అబూదావూద్, తిర్మిజీ). అరబీలో దీన్ని అల్ ఖరాజు బిజ్జమాన్ అంటారు. అప్పులో ఆ బాధ్యత తీసుకున్నవాడికి బదిలీ అయిపోతుంది. బాధ్యత వదులుకున్నాక ఫలసాయం అడిగే హక్కు ఎక్కడిది? అప్పిచ్చినవాడికి మిగిలేది బాకీదారు చేతులెత్తేస్తాడేమోనన్న భయం ఒక్కటే. ఆ భయం వస్తువుది కాదు, మనిషిది. పైగా ఈ వేదికలు బై బ్యాక్ గ్యారంటీ పెట్టి ఆ చిన్న భయాన్ని కూడా తీసేయాలని చూస్తున్నాయి. నష్టభయం ఉందని ఒకవైపు వాదిస్తూ, నష్టభయం లేని అప్పులనే ఎంచుకోవడం ఏ రకమైన న్యాయం? ఈ ప్రశ్న అడిగినప్పుడు అతను మాట్లాడలేదు. అతను ఎంచుకున్నవన్నీ గ్యారంటీ ఉన్నవే.

మూడో వాదన మానవత్వానికి సంబంధించినది. బ్యాంకు గడప ఎక్కలేని పేదకు ఈ వేదికల వల్లే అప్పు పుడుతోంది, అది సహాయం కాదా అన్నాడు. ఈ విషయం దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. ఈ వ్యవహారంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది ఇదే.

బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే అతనికి వెసులుబాటు కలిగేదాకా గడువివ్వమని, మాఫీ చేస్తే అది మీకే మరింత మేలని అల్లాహ్ ఆదేశించాడు (అల్ బఖర: 280). వడ్డీ తినేవారిపై యుద్ధ ప్రకటన చేసిన ఆయతుకు వెనువెంటనే ఈ ఆదేశం వచ్చింది. పూర్వం ఒక వర్తకుడు జనానికి అప్పులిచ్చేవాడని, ఇబ్బందుల్లో ఉన్నవాడు కనిపిస్తే చూసీచూడనట్లు వదిలెయ్యమని తన సేవకుడికి చెప్పేవాడని, బహుశా అల్లాహ్ కూడా మనల్ని అలాగే వదిలేస్తాడేమోనని ఆశపడేవాడని, అల్లాహ్ అతన్ని అలాగే క్షమించాడని దైవప్రవక్త (స) తెలిపారు (బుఖారీ, ముస్లిం). అప్పిచ్చేవాడికి దైవం ఎదుట ఉన్న గొప్ప ఆస్తి ఈ వదిలెయ్యగల శక్తే.

ఇప్పుడు ఈ వేదికలను చూడండి. కజకిస్తాన్‌లో ఒక స్త్రీ అప్పు తీసుకుంది. ఆ అప్పులో చాచా కుమారుడి వాటా పది యూరోలు. మిగతా వాటాలు ఇంకెంతోమందివి. ఆమె పేరు అతనికి తెలియదు. దేశం, మొత్తం, గడువు, మరికొన్ని అంకెలు మాత్రమే కనిపిస్తాయి. ఆమె భర్త జబ్బుపడ్డాడనుకోండి. ఆమె గడువు అడగవలసింది ఎవరిని? కంపెనీని. కంపెనీ మనసు మెత్తబడినా మెత్తబడకపోయినా ఈ అబ్బాయికి సంబంధం లేదు. అతనికి జాలి కలిగినా గడువివ్వడానికి ఆ తెరమీద మీట ఏదీ లేదు. మాఫీ చేయడానికి అసలే లేదు. కొన్ని ఒప్పందాల్లో ఆలస్యమైన రోజులకు కూడా వడ్డీ లెక్కకట్టి ఇతని ఖాతాలో వేస్తారు. అంటే ఆమె కష్టం ఎంత సాగితే ఇతని లాభం అంత సాగుతుంది, ఇతనికి తెలియకుండానే. ఆ వర్తకుడి సేవకుడి స్థానంలో ఇక్కడ ఒక యంత్రం ఉంది. వదిలెయ్యమని దానికి ఎవరూ చెప్పలేదు.

మన పూర్వీకుల కాలంలో వడ్డీ వ్యాపారికి కనీసం బాకీదారు మొహం కనిపించేది. గుమ్మంలో నిలబడి ఏడ్చే స్త్రీ కనిపించేది. అది చూసి ఎప్పుడైనా ఒకడి మనసు కరిగి పశ్చాత్తాపపడే అవకాశం ఉండేది. ఇప్పుడు ఆ అవకాశం కూడా మూసుకుపోయింది. ఈ మాట అన్నందుకు నన్ను పాతకాలపు మనిషి అనుకున్నా ఫరవాలేదు.

నాలుగో వాదన మదర్సాలో చదివినవాళ్లను కూడా ఆలోచింపజేసేది. అతను ఎక్కడో చదివి వచ్చాడు. ముస్లిమేతర దేశంలో ముస్లిమేతరుల నుంచి అదనంగా తీసుకునేది వడ్డీ కిందికి రాదని మన హనఫీ ఇమాములే చెప్పారు కదా అన్నాడు. దీన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. ఇమామె ఆజం అబూ హనీఫా (రహ్మలై), ఆయన శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) యుద్ధస్థితిలో ఉన్న దేశం గురించి అలాంటి అభిప్రాయం వెలిబుచ్చిన మాట నిజం. కానీ అదే మజ్‌హబ్‌కు చెందిన ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) దానితో ఏకీభవించలేదు. ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్ (రహ్మలైహిం) కూడా ఏకీభవించలేదు. మన దేశంలోనూ ఈ చర్చ జరిగింది. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ధర్మశాస్త్రం బోధించిన మౌలానా మనాజిర్ అహ్సన్ గీలానీ గారు ఆ మొదటి అభిప్రాయాన్ని సమర్థించగా, మౌలానా మౌదూదీ గారు దాన్ని వివరంగా ఖండించారు. హజ్రత్ థానవీ గారు జాగ్రత్త వైపే మొగ్గారు. ఈ పెద్దలందరి చిత్తశుద్ధి మీద నాకు గౌరవముంది. నా అల్పబుద్ధికి మాత్రం హజ్రత్ అబూ యూసుఫ్ గారి మాటే ఖుర్ఆన్ ఆయతుల స్వభావానికి దగ్గరగా కనిపిస్తుంది. ఎందుకంటే మిగిలి ఉన్న వడ్డీని వదిలెయ్యమన్న ఆదేశం (అల్ బఖర: 278) ఎదుటివాడి మతాన్ని ప్రస్తావించలేదు. తీసుకునేవాడి విశ్వాసాన్ని ప్రస్తావించింది.

సరే, ఆ చర్చ పక్కన పెడదాం. ఆ అభిప్రాయాన్నే పూర్తిగా ఒప్పుకుందాం. అప్పుడు కూడా ఈ వ్యవహారానికి అది వర్తించదు. ఐర్లాండుతో గానీ, లాత్వియాతో గానీ మనకు యుద్ధం లేదు. వీసా మీద, ఒప్పందం మీద ఉంటున్నాం. అంతకన్నా ముఖ్యం, అప్పు తీసుకుంటున్నవాళ్లు ఎవరు? కజకిస్తాన్‌లో, అల్బేనియాలో, కొసోవోలో, ఇండోనేషియాలో అధికశాతం జనం ముస్లిములు. "నీ పది యూరోల అవతల ఉన్న ఆ స్త్రీ పేరు ఫాతిమానో, ఆయిషానో అయితే?" అని అడిగాను. "నా ఒప్పందం లాత్వియా వేదికతో, ఆమెతో కాదు" అన్నాడు. కానీ అతను కొన్నది ఆమె బాకీలో వాటా. అతనికొచ్చే వడ్డీ ఆమె కట్టే వడ్డీలోంచి తీసి ఇచ్చేదే. నీరు ఎన్ని కాలువలు తిరిగి వచ్చినా చెరువు మారదు. జనం సొమ్ములో కలిసి పెరగాలని మీరిచ్చే వడ్డీ అల్లాహ్ దగ్గర పెరగదని అర్ రూమ్ సూరా 39వ ఆయతు తెలుపుతోంది. ఇక ఇండోనేషియా ఉలమా మండలి అయితే వడ్డీతో కూడిన ఆన్‌లైన్ అప్పులు హరామ్ అని 2021 నవంబరులోనే తీర్మానించింది. అప్పు తీసుకునే దేశపు ధర్మవేత్తలు వద్దంటుంటే, ఇచ్చేవాడు సముద్రం అవతల కూర్చుని నాకు వర్తించదనడం ఎలా?

వడ్డీ తీసుకోకుండా ఇస్తే ఎలా ఉంటుందని కూడా అతను అడిగాడు. అమెరికాలో 2005లో మొదలైన కీవా అనే సంస్థ ఉంది. 25 డాలర్ల నుంచి ఎవరైనా ఇవ్వవచ్చు. ఇచ్చినవాడికి అసలు మాత్రమే తిరిగొస్తుంది, వడ్డీ రాదు. వినగానే ఖర్జె హసన్ లాగే కనిపిస్తుంది. అయితే ఆ సొమ్మును పేదలకు అందించే స్థానిక సంస్థల్లో చాలా భాగం వాళ్ల దగ్గర వడ్డీ వసూలు చేస్తాయి. ఆ వడ్డీ వాటి ఖర్చుల కోసమే కావచ్చు. కానీ మైక్రోఫైనాన్స్ అప్పుల వసూళ్లు ఎక్కడిదాకా వెళ్లగలవో మన రాష్ట్రానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చిన రోజులు మనకు గుర్తున్నాయి. కాబట్టి అలాంటిచోట ఇవ్వాలనుకుంటే, బాకీదారు దగ్గర కూడా వడ్డీ తీసుకోని అప్పులనే వెతికి ఇవ్వాలి. అంత దూరం వెళ్లే ముందు మన వీధిలో తోపుడుబండి పెట్టుకునే సోదరుడికి ఇచ్చి, అతను రెండు నెలలు ఆలస్యం చేస్తే ఊరుకోవడం ఇంకా తేలిక.

షరీఅత్ ప్రకారం నడుస్తున్నామని చెప్పే వేదికలు కూడా మలేషియా, ఇండోనేషియా, దుబాయి వంటిచోట్ల ఉన్నాయి. ఇండోనేషియా ఉలమా మండలి షరీఅత్ విభాగం 2018లో తన 117వ ఫత్వా ద్వారా వీటికి నియమాలు కూడా రూపొందించింది. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి కొట్టెయ్యలేం. నిజమైన భాగస్వామ్యం, నిజమైన కొనుగోలు-అమ్మకం ఉంటే అది హలాల్ వ్యాపారమే. కానీ కొన్నిచోట్ల ఏదో ఒక లోహాన్ని కాగితం మీద కొని, అదే నిమిషంలో కాగితం మీదే అమ్మి, చివరికి ఇంత ఇస్తే ఇంతకింత అన్న లెక్కే మిగులుస్తారు. ఈ వ్యవస్థీకృత తవర్రుఖ్‌ను అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ 2009లో షార్జా సమావేశంలో తోసిపుచ్చింది. ఆ వస్తువు ఒక్క గంటైనా నీ సొంతమై, దాని నష్టం నీదిగా ఉంటుందా? వ్యాపారం తన తప్పు లేకుండా మునిగితే నీ అసలు తగ్గుతుందా? ఈ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే, పేజీ పైన ఎంత పెద్ద అక్షరాలతో హలాల్ అని రాసినా వెనక్కి రావడం మంచిది. హలాల్ లాభం పేరుతో 2018లో హైదరాబాదులో, 2019లో బెంగళూరులో ఎన్ని ముస్లిం ఇళ్లు గుల్లయ్యాయో మనం చూశాం. అందులో వితంతువుల సొమ్ము కూడా ఉంది.

మన దేశంలో ఉన్నవాళ్లకు ఒక చిన్న గమనిక. రిజర్వు బ్యాంకు 2017 అక్టోబరులో ఇలాంటి వేదికలకు నియమాలు పెట్టింది, అంతర్జాతీయంగా డబ్బు రావడం, పోవడం ఉండకూడదన్నది. 2024 ఆగస్టులో మరింత బిగించి, కచ్చితమైన లాభమిచ్చే పెట్టుబడిగా దీన్ని ప్రచారం చేయకూడదన్నది. చట్టం అనుమతించిన హద్దులో ఇచ్చినంత మాత్రాన వడ్డీ వ్యాపారంగా మారిపోతుందనీ, లాభంగా మారిపోతుందనీ ఎవరూ భ్రమపడకూడదు.

ఇంత మాట్లాడాక అతను అడిగిన ప్రశ్న అన్నిటికన్నా కష్టమైనది. "సరే, ఒప్పుకున్నాను. ఇప్పుడు ఆ డబ్బును ఏం చెయ్యాలి?"

అసలు అతనిదే. పశ్చాత్తాపపడితే మీ అసలు మీదేనని, మీరు అన్యాయం చేయకూడదు, మీకూ అన్యాయం జరగకూడదని ఖుర్ఆన్ స్పష్టం చేసింది (అల్ బఖర: 279). దాని మీద జకాత్ కూడా ఇవ్వాలి. వచ్చిన వడ్డీని పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేసి వదిలించుకోవాలి. అయితే ఇంకా నడుస్తున్న అప్పుల సంగతేమిటి? అలాగే ఉంచితే వడ్డీ వస్తూనే ఉంటుంది. వేదికలోని రెండో సంతలో ఇంకొకరికి అమ్మేస్తే, తాను వద్దనుకున్న వడ్డీ పత్రాన్ని మరొకడి మెడకు తగిలించినట్లవుతుంది, పైగా బాకీని మూడో వ్యక్తికి అమ్మడాన్ని మన ఫుఖహాలు ఒప్పుకోరు. ఈ చిక్కును నేను నా ఉస్తాద్ గారి ముందు పెట్టాను. ఆయన కాసేపు ఆలోచించి, కొత్త అప్పులు పోకుండా ముందు తలుపు మూయించు, ఉన్నవి గడువు తీరేదాకా అసలు కోసమే ఆగమను, మధ్యలో వచ్చే అదనం తనది కాదని విడిగా రాసుకోమను అన్నారు.

మునిగిన అప్పుల గురించి కూడా అతనికి సందేహం వచ్చింది. ఒకరు ఎగ్గొట్టిన అసలును, ఇంకొకరు కట్టిన వడ్డీతో పూడ్చుకోవచ్చా అన్నాడు. నా దృష్టిలో కూడదు. ఆల్మాటీలో ఉన్నవాడు ఎగ్గొట్టినదానికి తిరానాలో ఉన్నవాడు బాధ్యుడు కాడు. కానీ ఒకే మనిషి కొంత వడ్డీ కట్టి ఆ తర్వాత అసలు ఎగ్గొట్టి ఉంటే, అతను కట్టినదంతా అసలు కిందే జమ వేసుకోవచ్చని అనుకుంటున్నాను. ఇది నా అభిప్రాయం. ఎవరికైనా ఇలాంటి పరిస్థితి ఎదురైతే తమ ప్రాంతంలోని నమ్మకమైన ముఫ్తీ గారిని అడిగి నడుచుకోవాలి.

అతను నా ఎదుటే ఆటో ఇన్వెస్ట్ అనే మీటను ఆపేశాడు. తర్వాత ఒక కాగితం మీద రెండు గీతలు గీసి అసలు ఒకవైపు, అదనం ఒకవైపు రాయడం మొదలుపెట్టాడు. రాత్రి పన్నెండు దాటింది. చాచా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. యార్డులో పద్దులు రాసిన మనిషి కదా, కొడుకు చేతిలోని కాగితం తీసుకుని, కూడిక ఒకచోట తప్పిందని చూపించారు. అదనం వైపున్న మొత్తం కొట్టివేశాక మిగిలినది ఒక్కరి ప్రయాణానికి సరిపోతుంది, ఇద్దరికి చాలదు. "మీ అమ్మ ఒక్కతే మహరమ్ లేకుండా ఎలా వెళుతుంది? నేనొక్కణ్ణే ఎలా వెళతాను?" అన్నారు చాచా. కొడుకు జీతంలోంచి పక్కన పెడతానన్నాడు, ఏడాదిన్నర పడుతుందన్నాడు. ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "అయితే ఏడాదిన్నర" అన్నారు.